ఒక్కో ఇంటికి ఒక్క ప్యాకెట్ ఎక్కువ

2020 మార్చిలో కరోనా భయం మొదలైన రోజుల సంగతి ఎత్తితే చాలు అందరూ అదే మాట, జనం పిచ్చెక్కినట్టు కొన్నారండీ అని. ఆ జనంలో ఆ మాట అనేవాళ్లు మాత్రం ఎప్పుడూ ఉండరు, అదేం విచిత్రమో. నేను ఆ రోజుల్లో గల్లాపెట్టె పక్కన నిలబడి చూసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెప్తా. ట్రాలీలు ట్రాలీలు నింపుకుని పోయినవాళ్లు ఎక్కడో ఒకరు ఉంటారేమో గానీ మా కొట్టు ఖాళీ చేసింది వాళ్లు కాదు, రెండు కిలోలు కొనేచోట నాలుగు కిలోలు కొన్న మామూలు మనుషులు, మర్యాదగా లైన్లో నిలబడి, బాబాయ్‌ని "బాగున్నారా" అని పలకరించి మరీ కొన్నవాళ్లు.

కొట్టు మా బాబాయ్‌ది, కూకట్‌పల్లిలో. ముందు పక్క అపార్ట్‌మెంట్లు, సందులో బాయ్స్ హాస్టళ్లు, వెనక బస్తీ, అందులో తాపీ పనివాళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, బీహార్ ఒడిశా నుంచి వచ్చిన కూలీలు. మా కంపెనీ మార్చి మధ్యలోనే వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చేసింది, కొట్లో పనిచేసే కుర్రాళ్లని వాళ్ల అమ్మానాన్నలు ఊరికి పిలిపించేసుకున్నారు, పిన్నికేమో మోకాళ్ల నొప్పులు, దాంతో పొద్దున పూట నేను వెళ్లి పొట్లాలు కట్టేదాన్ని, లాగిన్ టైమ్‌కి ఇంటికి పరిగెత్తేదాన్ని.

అసలు భయం కిరాణా కొట్టు దాకా రావడానికి టైమ్ పట్టింది, ముందు మెడికల్ షాపుకి వెళ్లింది. మార్చి 2న తెలంగాణలో మొదటి కేసు అని చెప్పారు, దుబాయ్ నుంచి బెంగళూరు మీదుగా వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి. రెండ్రోజులకి మైండ్‌స్పేస్ అనే ఐటీ పార్కులో ఎవరో ఉద్యోగికి అనుమానం అని బిల్డింగ్ ఖాళీ చేయించారు, తర్వాత నెగెటివ్ అని తేలింది గానీ అప్పటికే మా ఏరియాలో శానిటైజర్ బాటిల్ కంటికి కనపడకుండా పోయింది. మాస్కులూ అంతే. కేంద్రం మార్చి 13న మాస్కుల్నీ శానిటైజర్లనీ నిత్యావసర సరుకుల చట్టం కిందకి తెచ్చింది, అదే 1955 నాటి చట్టం, బియ్యం పప్పులు బ్లాక్ చేస్తే వాడేది. తర్వాత 21న రేటు కూడా కట్టేశారు, మూడు పొరల మాస్క్ 10 రూపాయలు, రెండు పొరలది 8, శానిటైజర్ 200 ఎంఎల్ 100 రూపాయలు, అంతకి మించకూడదని. రేటు వచ్చింది, సరుకు రాలేదు. పదికి అమ్మాల్సిన మాస్క్ పదికి అమ్మే షాపులో లేదు, ముప్పైకి అమ్మేవాడి దగ్గర ఉంది.

తమాషా ఏంటంటే అదే టైమ్‌లో చికెన్ ఎవ్వరూ ముట్టుకోలేదు. కోడి తింటే కరోనా వస్తుందని వాట్సాప్‌లో తిరిగింది కదా, ఫిబ్రవరి చివర్లో హైదరాబాద్‌లో చికెన్ మేళా పెట్టి మంత్రులు స్టేజీ మీద లెగ్ పీసులు తిని చూపించారు కూడా, అయినా చాలాచోట్ల కిలో వంద లోపుకి పడిపోయింది. కోళ్ల ఫారాలవాళ్లు నెత్తీ నోరూ బాదుకున్నారు. మళ్లీ లాక్‌డౌన్ వచ్చాక అదే జనం ఆదివారం చికెన్ షాపు ముందు మైలు పొడుగు లైను, రేటు డబుల్. అంటే ఒక వస్తువుని వదిలేయమన్నదీ ఇంకో వస్తువు మీద పడమన్నదీ ఒకటే ఫోన్, ఒకటే ఫ్యామిలీ గ్రూపు.

మా కొట్టు మీద పడింది మాత్రం మార్చి 23 సోమవారం. ముందు రోజు ఆదివారం జనతా కర్ఫ్యూ, దేశమంతా పొద్దున 7 నుంచి రాత్రి 9 దాకా అయితే మన దగ్గర 24 గంటలు అన్నారు, సాయంత్రం 5 గంటలకి అందరం బాల్కనీల్లో చప్పట్లు కొట్టాం, ఆ చప్పట్లు అయ్యాక అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రెస్‌మీట్ పెట్టి 31 దాకా లాక్‌డౌన్ అన్నారు, సరుకులకి ఇంటికొక్కరే బయటికి రావాలన్నారు. ఇంక చూడండి సోమవారం. షట్టర్ సగం లేపేసరికే జనం. పైగా 25న ఉగాది. అది చాలామంది మర్చిపోయి ఉంటారు, ప్రధాని 24 రాత్రి 8 గంటలకి టీవీలోకి వచ్చి 21 రోజుల లాక్‌డౌన్ అన్న అర్ధరాత్రి దాటితే మనకి ఉగాది. కొత్త చింతపండు, బెల్లం, వేపపువ్వు, మామిడికాయ ఎటూ కొనాల్సిందే, దానికి ఈ భయం తోడైంది. బెల్లం ఒక కిలో చాలు ఉగాదికి, ఒకావిడ మూడు కిలోలు కట్టమంది. ఎందుకమ్మా అంటే, ఏమో, పంచదార దొరక్కపోతే టీలోకి పనికొస్తుంది కదా అంది. ఆమె లెక్క ఆమెది, తప్పు పట్టలేం. ఆ రోజు కూరగాయల రేట్లయితే చెప్పక్కర్లేదు, ముందు రోజు దాకా చవగ్గా పోసిన టమాటా రైతుబజార్ బయట ఒక్కసారిగా ఎన్నో రెట్లు పలికింది, తర్వాత ముఖ్యమంత్రి వ్యాపారుల మీద పీడీ యాక్ట్, అదే విచారణ లేకుండానే లోపలేసే చట్టం, పెడతామని వార్నింగ్ ఇచ్చేదాకా వెళ్లింది.

ఇప్పుడు లెక్క చూడండి. చిన్న కిరాణా కొట్టు ఎప్పుడూ నెల సరుకు పెట్టుకోదు, అంత పెట్టుబడీ ఉండదు, గోడౌనూ ఉండదు. వారానికో పది రోజులకో సరిపడా ఉంటుంది, మళ్లీ సేల్స్‌మన్ వచ్చి ఆర్డర్ రాసుకుపోతాడు, పప్పులూ బియ్యం అయితే బాబాయే బేగంబజార్ వెళ్లి ఆటోలో వేయించుకొస్తాడు. నూట యాభై ఇళ్లు మన మీద ఆధారపడి ఉన్నాయి అనుకోండి, ఒక్కో ఇల్లు నెలకి రెండు కిలోల కందిపప్పు. ఆ నూట యాభై ఇళ్లూ నెలంతా రోజుకి అయిదేసి ఇళ్ల చొప్పున వస్తారు కాబట్టి ఆ వారం సరుకుతో నడిచిపోతుంది. వాళ్లంతా ఒకే పొద్దున వచ్చి, రెండు కిలోల బదులు నాలుగు అడిగితే? ఎవరూ దాచుకోలేదు, ఎవరూ దొంగలు కాదు, ప్రతి ఒక్కరూ మాత్రం "మేం జాస్తిగా ఏం కొనలేదండీ, ఇంకో రెండు కిలోలు అంతే" అంటారు, అది నిజమే. పదకొండింటికల్లా బస్తా అడుగు కనిపిస్తుంది. ఆ ఖాళీ అరలు ఎవరో ఫోటో తీసి గ్రూపులో పెడతారు. ఆ ఫోటో చూశాక అప్పటిదాకా భయం లేనివాడు కూడా చెప్పులేసుకుంటాడు, వాడు చేసేది తెలివైన పనే, ఎందుకంటే రేపు నిజంగానే ఉండదు కదా! అందుకే నాకు ఈ "మూర్ఖపు జనం" అనే మాట నచ్చదు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడిగితే అందరి దగ్గరా సరైన కారణమే ఉంటుంది.

మా అమెరికా అన్నయ్యలూ వదినలూ ఉన్నారు కదా, వాళ్ల పాత్ర కూడా తక్కువేం కాదు. అక్కడ షాపుల్లో టాయిలెట్ పేపర్ లేదని వీడియోలు పంపేవాళ్లు, మనం ఇక్కడ చెంబు పట్టుకుని పగలబడి నవ్వుకున్నాం, మరీ పేపర్ కోసం కొట్టుకోవడమేంట్రా అని. (జపాన్‌లో 1973లో ఆయిల్ సంక్షోభం టైమ్‌లోనే ఇదే టాయిలెట్ పేపర్ కోసం ఎగబడ్డారు, కాబట్టి ఇదేం కొత్త జబ్బు కాదు. ఆ రోల్స్ సైజుకి పెద్దవి, పదిమంది తీసుకుంటే చాలు అర అంతా బోసిపోతుంది, చూసినవాడి గుండె జారిపోతుంది.) కానీ అలా నవ్విన మన అన్నయ్యలే ఇండియన్ స్టోర్‌కి వెళ్లి సోనా మసూరి బస్తాలు, కందిపప్పు కారు డిక్కీలో వేసుకున్నారు. అంతటితో అయిందా, 2023 జులై 20న మన గవర్నమెంట్ బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేయగానే ఏ రోగమూ లేకుండానే మళ్లీ అదే సీను, బియ్యం బస్తాల దగ్గర తోపులాట వీడియోలు మీరూ చూసే ఉంటారు. టాయిలెట్ పేపర్ వాళ్లకి, సన్నబియ్యం మనకి, అంతే తేడా. సరే, ఆ అమెరికా ఫోన్లు ఇక్కడికి వచ్చేవి కదా, "మా అబ్బాయి చెప్పాడు, మూడు నెలలు ఏమీ దొరకదట, కొని పెట్టుకోమన్నాడు" అని ఎంతమంది పెద్దవాళ్లు ఆ వారం మా కొట్టుకి వచ్చారో.

నిజానికి సరుకు లేక కాదు. అప్పుడు కేంద్రం ధాన్యం నిల్వ చేసే ఎఫ్‌సీఐ గోడౌన్లలో బియ్యం గోధుమలు కలిపి 5 కోట్ల టన్నుల పైనే ఉన్నాయి. ఆగిపోయింది మధ్యలో దారి. హమాలీలు ఊళ్లకి పోయారు, లారీ డ్రైవర్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు, రోడ్డు మీద ధాబాలు మూత, సేల్స్‌మన్ ఫోన్ ఎత్తడు, ఎత్తినా ముందు క్యాష్ పంపితేనే బండి అంటాడు. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఉన్నవాటికి రేటు పెంచే దారి లేదు, లూజు సరుకులకి హోల్‌సేల్‌లోనే పెంచేశారు, దాని మీద బాబాయ్ మామూలు మార్జిన్ వేసుకున్నా బోర్డు మీద రేటు చూసి జనం "కరోనాని కూడా క్యాష్ చేసుకుంటున్నావా అన్నా" అనేవాళ్లు. కొందరు షాపులవాళ్లు చేసుకున్నారు, లేదనను, పక్క సందులోనే ఒకతను నూనె ప్యాకెట్లు లోపలేసి తెలిసినవాళ్లకి ఎక్కువకి అమ్మాడు. అందుకే బాబాయ్‌ని తిట్టినవాళ్ల మీద కూడా నాకు పెద్ద కోపం లేదు.

అసలు దెబ్బ పడింది పావుకిలో వాళ్ల మీద. బస్తీవాళ్లు నెల సరుకులు కొనరు, ఏ రోజు కూలీ ఆ రోజే వస్తుంది కాబట్టి ఏ రోజు సరుకు ఆ రోజే. పావుకిలో పప్పు, ఇరవై రూపాయల నూనె, అయిదు రూపాయల టీ పొడి, ఒక షాంపూ ప్యాకెట్. కూకట్‌పల్లి అడ్డా మీద పని దొరికితే సాయంత్రం ఏడింటికి వస్తారు, మామూలుగా మా కొట్టు రద్దీ అప్పుడే. ఆ సోమవారం సాయంత్రం వాళ్లు వచ్చేసరికి ఏముంది, పొద్దున్నే అపార్ట్‌మెంట్లు ఊడ్చేశాయి. వాళ్లు పొద్దున వచ్చి ఉంటే మాత్రం చేతిలో డబ్బులెక్కడివి. తెల్లకార్డు ఉన్నవాళ్లకి మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ప్రకటించారు, తర్వాత బయటి రాష్ట్రాల కూలీలకి కూడా 12 కిలోలు, 500 రూపాయలు అన్నారు, అది మంచి పనే, నిజంగా చాలా ఇళ్లు దాని మీదే నడిచాయి, కానీ ప్రకటన వచ్చాక బియ్యం ఇంట్లోకి రావడానికి మధ్యలో రోజులుంటాయి, కడుపుకి ఆ సంగతి తెలీదు కదా. పైగా బియ్యం ఒక్కటే కాదు, ఉప్పు కారం నూనె.

మర్నాటి నుంచి బాబాయ్ ఒక పని చేశాడు. పప్పు బస్తా ఒకటీ నూనె డబ్బా రెండూ లోపలి గదిలో పెట్టేసి, ఖాతా పుస్తకంలో ఉన్న బస్తీవాళ్లకి మాత్రమే, అదీ పావుకిలో అరకిలో చొప్పున ఇచ్చాడు. పిన్ని ముగ్గుపిండితో బయట సున్నాలు చుట్టింది, వాటిలో నిలబడమని. దీని మీద పెద్ద గొడవే అయింది. ఎదురు అపార్ట్‌మెంట్ ఆయన ఒకరు తలుపు సందులోంచి బస్తా చూసేశారు.

"అదేంటండీ, లోపల అంత సరుకు పెట్టుకుని లేదంటారు? బ్లాక్ చేస్తున్నారా?"

"అది రోజూ కొనుక్కునేవాళ్లకి సార్. మీకు నిన్న అయిదు కిలోలు ఇచ్చాను కదా."

"ఇచ్చావా, ఊరికే ఇచ్చావా? నా డబ్బులు డబ్బులు కాదా?"

ఆయన ఫోటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టారు, కొన్నాళ్లు ఆ బ్లాకువాళ్లు మా కొట్టుకి రావడం మానేశారు. నాకు బాబాయ్ చేసింది కరెక్టే అనిపించింది, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఒకటి ఉంది, ఖాతా పుస్తకంలో పేరున్నవాళ్లకి అన్నాడు కదా, ఆ పుస్తకంలో బీహారీ కుర్రాళ్ల పేర్లు లేవు, రేపు గది ఖాళీ చేసి వెళ్లిపోతారని వాళ్లకి ఎవరూ అప్పు రాయరు. ఎవరికి ఇవ్వాలో కొట్టువాడే డిసైడ్ చేస్తే ఇలాగే ఉంటుంది, ఎంత మంచివాడైనా తెలిసినవాళ్ల ముఖాలే గుర్తొస్తాయి. పిన్ని ఇంట్లో పోరుపెట్టాక వాళ్లకీ ఇవ్వడం మొదలుపెట్టాడు.

హాస్టల్ పిల్లల కథ ఇంకోటి. వాళ్లు మ్యాగీ, బ్రెడ్డు, బిస్కెట్లు అట్టపెట్టెలు అట్టపెట్టెలు కొన్నారు, తీరా ఉగాది రోజే హాస్టళ్లు మూసేస్తున్నామని ఖాళీ చేయమన్నారు, పోలీస్ స్టేషన్ల ముందు ఊరెళ్లడానికి అనుమతి కాగితాల (ఎన్ఓసీల) కోసం లైన్లు, ఆ కాగితం పట్టుకుని బయల్దేరితే ఆంధ్రా సరిహద్దులో, జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆపేశారు. ఆ మ్యాగీ ప్యాకెట్లు కొన్ని రూముల్లోనే ఉండిపోయాయి, కొందరు తిరిగి ఇచ్చేస్తామని వచ్చారు, ఒకబ్బాయి వాచ్‌మన్‌కి ఇచ్చేసి పోయాడు.

ఈ గొడవలో మా నానమ్మ తరంవాళ్లు ఒక మాట అనేవాళ్లు, మేం ఏడాదికి సరిపడా దాచేవాళ్లం, మాకీ హడావుడి తెలీదు అని. అది విని చాలామంది చూశావా దాచుకోవడం మన సంప్రదాయమే అని మొదలుపెడతారు. రెండిటికీ పోలికే లేదు. నానమ్మ మిరపకాయలు కొనేది మిరప కళ్లాల్లో గుట్టలుగా ఉన్న రోజుల్లో. కొత్త చింతపండు వచ్చాక గింజ తీసి ఉప్పేసి జాడీకెత్తేది, కందిపప్పు కొత్తపంట వచ్చాక ఆముదం పట్టించి ఎండబెట్టేది, మేలో ఆవకాయ. అంటే ఊళ్లో అందరికీ మిగిలిపోయేంత ఉన్నప్పుడు, రేటు పడిపోయి రైతు ఎవరైనా కొంటే బాగుండని చూస్తున్నప్పుడు కొనేది. ఆవిడ కొన్నందుకు ఎవరికీ తక్కువ పడలేదు. మనం 2020లో చేసింది లేనప్పుడు కొనడం, పక్కవాడు కొంటున్నాడని కొనడం. పైగా నానమ్మకి దాచడం వచ్చు, వేపాకు వేయడం, ఎండలో పోయడం, డబ్బా అడుగు చూసుకోవడం. మనకి కొనడం మాత్రమే వచ్చు!

అది ఏప్రిల్ చివర్లో తెలిసింది. కొట్లో కందిపప్పు అడిగే దిక్కు లేదు, ఇళ్లన్నీ నిండిపోయి ఉన్నాయి కదా, మార్చిలో రెండు నెలలది అమ్మాం కాబట్టి ఏప్రిల్ మే బేరం దాదాపు సున్నా, అప్పుకి తెచ్చిన సరుకు మీద వడ్డీ మాత్రం నడుస్తుంది. ఆ తర్వాత ఎండలకి బొంబాయి రవ్వలో పురుగు, బియ్యంలో ముక్కు పురుగు, గోధుమపిండి ఉండలు కట్టడం. తిరిగి తీసుకుంటారా అని అడిగినవాళ్లూ ఉన్నారు. చివరిదాకా ఆగకుండా అమ్ముడైంది మాత్రం పార్లే-జీ, ఆ మార్చి ఏప్రిల్ మే నెలల్లో ఎనభై ఏళ్లలో ఎన్నడూ లేనంత అమ్మామని కంపెనీయే చెప్పింది, నడిచి ఊళ్లకి పోయిన కూలీల చేతుల్లో మీరూ చూసి ఉంటారు.

రవ్వకి పురుగు పడితే పారేస్తాం, మందుల సంగతి అది కాదు. హైడ్రాక్సీ క్లోరోక్విన్ కరోనాకి పనిచేస్తుందట అన్న మాట బయటికి రాగానే మెడికల్ షాపుల్లో ఎత్తుకుపోయారు, మార్చి 26కి కేంద్రం డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కట్టుదిట్టం చేయాల్సి వచ్చింది. మా కింద ఫ్లోర్ ఆంటీ రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి ఏళ్లుగా అదే మాత్ర వాడుతున్నారు, చీటీ చేతిలో పట్టుకుని షాపు షాపూ తిరిగారు వాళ్లాయన. ఎవరి డ్రాయర్‌లోనో ఆ స్ట్రిప్పులు ఎక్స్‌పైర్ అయిపోయి ఉంటాయి ఈపాటికి. 2021 ఏప్రిల్ మే అయితే తలుచుకోవాలనిపించదు. రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ కరోనాకి వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) 2020 నవంబర్‌లోనే సలహా ఇచ్చింది, అయినా ఆరు వయల్స్ కోసం జనం తాళి అమ్మేంత పని చేశారు, ఏప్రిల్‌లో కేంద్రం కల్పించుకుంటే కంపెనీలు రేట్లు తగ్గించాయి, అదే మందుని మన హైదరాబాద్ హెటెరోవాళ్లు అమ్మే కోవిఫర్ 5,400 రూపాయల నుంచి 3,490కి వచ్చింది, బ్లాక్‌లో దాని సంగతి వేరే. ఆ టైమ్‌లో ఇంట్లో ఎవరికీ ఏమీ లేకపోయినా ఎందుకైనా మంచిదని ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ తెచ్చి బెడ్రూంలో పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్ల దగ్గర కూడా సరైన కారణమే ఉంది, ఇంట్లో ఎనభై ఏళ్ల నాన్న. నేను వాదించలేకపోయాను. కానీ కందిపప్పు రెండు కిలోలు ఎక్కువ కొనడానికీ దీనికీ మధ్య ఎక్కడో ఒక గీత ఉంది, అక్కడ మాత్రం కారణం ఉంటే చాలదు అనిపిస్తుంది నాకు.

ఇంకో ముక్క, రద్దీ వద్దనుకుని పెట్టిన రూల్సే రద్దీ చేస్తాయి. 2021 మే 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్, పొద్దున 6 నుంచి 10 దాకా సడలింపు. రోజంతా పలచగా వచ్చే మనుషులు నాలుగు గంటల్లో కుక్కుకుని వచ్చేవాళ్లు. ముందు రోజు ప్రకటన రాగానే కిరాణా కొట్ల కంటే వైన్ షాపుల ముందు లైన్లు పెద్దవి, అది వేరే పోస్టు రాసుకోవచ్చు.

ఇప్పుడు వార్తల్లో ఏ వైరస్ పేరు వచ్చినా బాబాయ్ ముందు సరుకు చూసుకుంటాడు. 2025 జనవరిలో బెంగళూరులో పసిపిల్లలకి హెచ్ఎంపీవీ అని రోజంతా టీవీలో ఊదరగొట్టారు గుర్తుందా, అది ఎప్పటినుంచో ఉన్న వైరసే అని డాక్టర్లు మొత్తుకున్నా సరే, ఆ సాయంత్రం ఇద్దరు ముగ్గురు మాస్కులు అడిగారు, ఒకాయన బియ్యం ఏమైనా పెరుగుతాయా అని వాకబు చేసి పోయాడు. మర్నాడు సేల్స్‌మన్ వచ్చాడు. శానిటైజర్ రెండు పెట్టెలు వేయమంటారా అంకుల్, స్టాక్ షార్ట్ ఉంది, ఇవాళ తీసుకోకపోతే మళ్లీ దొరకదు అన్నాడు. బాబాయ్ పాత శానిటైజర్ బాటిళ్లు ఇంకా అటక మీదే ఉన్నాయి, వద్దన్నాడు. ఆ సేల్స్‌మన్ అదే మాట ప్రతి నెలా గిన్నెలు తోమే సబ్బు గురించి కూడా చెప్తాడు.